నాయన పెట్టె, అమ్మ పాటలు

పావగడ పేరు చెప్పగానే మన పాఠకుల్లో చాలామందికి శనిమహాత్ముని గుడి గుర్తుకు వస్తుంది. ఈ మధ్య పేపర్లు చదివేవారికైతే తిరుమణి చుట్టుపక్కల దాదాపు 13 వేల ఎకరాల్లో పరచిన సౌర విద్యుత్ పలకలు గుర్తుకు వస్తాయి. మా తాలూకా ఉన్నది కర్ణాటకలో, తుమకూరు జిల్లాలో. కాని దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశే. జిల్లా కేంద్రం నుంచి మధుగిరి మీదుగా మా ఊరికి రావాలంటే బస్సు మడకశిర వైపు ఆంధ్ర నేల తొక్కి రావలసిందే.

మేము ఇంట్లో మాట్లాడేది తెలుగు. బళ్ళో చదివింది కన్నడం. ఉత్తరం రాయవలసి వస్తే తెలుగు మాటలనే కన్నడ అక్షరాల్లో రాసేవాళ్ళం. వినేవారికి ఇది వింతగా ఉంటుంది గాని, మాకు ఉగాది పచ్చడిలో వేపపువ్వులాగా అదొక అలవాటు. ఈ అలవాటుకూ కంప్యూటరుకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. అది తెలుసుకోవడానికి నాకు మా అమ్మ పాటలు కొన్ని పోగొట్టుకోవలసి వచ్చింది. ఆ కథే మీతో చెప్పుకుందామని ఈ వ్యాసం.

నాయన కంప్యూటరు

మా నాయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిగా పని చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు 76 ఏళ్ళు. 2013లో నేను కొనిచ్చిన కంప్యూటరు ఇప్పటికీ హాల్లో టీవీ పక్కనే ఉంది. దానికి రోజూ ఉదయం గుడ్డతో దుమ్ము తుడిచి, చిన్న నమస్కారం పెట్టి మరీ మొదలుపెడతాడు. అందులో ఏముందంటే, ఒక ఇంటి చరిత్ర ఉందని చెప్పాలి. పొలం పహణి కాపీలు, పింఛను కాగితాలు, వైద్య పరీక్షల రిపోర్టులు, సౌర పార్కుకు కౌలుకిచ్చిన నేల ఒప్పందం స్కాను చేసిన పుటలు, నాలుగు పెళ్ళిళ్ళ ఫొటోలు. వీటన్నిటికంటే విలువైనవి అమ్మ పాటలు.

మా అమ్మ 2011లో పోయింది. 1994, 95 ప్రాంతాల్లో ఆమె పాడిన గొబ్బి పాటలు, పెండ్లి పాటలు, దంపుడు పాటలు, జోల పాటలు అక్క టేపురికార్డరులో పట్టి ఉంచింది. 2009లో ఆ క్యాసెట్లను ఎంపీ3 ఫైళ్ళుగా మార్పించాం. మొత్తం 41 పాటలు. క్యాసెట్లకు తరువాత బూజు పట్టింది. కాబట్టి మిగిలింది ఆ ఫైళ్ళే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు ఆగిపోయింది. అదనంగా కొంత గడువు తీసుకునే వీలున్నా, మా పాత యంత్రం విండోస్ 11కు తగదు. పైగా లోపలి హార్డ్ డిస్కు కర్రు కర్రుమని చప్పుడు మొదలుపెట్టింది. దీపావళికి పుణె నుంచి ఊరికి వెళ్ళినప్పుడు డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను. అందులో లినక్స్ మింట్ వేసి, పాత ఫైళ్ళన్నీ దాంట్లోకి చేర్చాను. పాత డిస్కు ఆ పని పూర్తయిన మర్నాడే ప్రాణం విడిచింది. మంచి సమయానికి కాపాడానని లోలోపల మురిసిపోయాను కూడా.

లినక్స్ గురించి తెలియనివారికి ఒక్క మాట. 1991లో ఫిన్లండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. పాత కంప్యూటర్లకు అది మళ్ళీ ఆయుష్షు పోస్తుంది. ఇంతవరకూ అంతా బాగానే ఉంది.

ఒక్క మీట తేడా

ఆ రాత్రి నాయన, “పండుగ పూట టీవీలో అమ్మ పాటలు పెట్టరా, అందరం విందాం” అన్నాడు. నేను పెన్ డ్రైవు గుచ్చి, 41 పాటలనూ ఎంచుకొని, కాపీ చేద్దామనుకొని కంట్రోల్ మీటతో సి నొక్కబోయి ఎక్స్ నొక్కాను. రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి. సి అంటే నకలు తీయడం, ఎక్స్ అంటే ఉన్నచోటు నుంచి పెకలించి తీసుకుపోవడం. తెర మీద పచ్చగీత చివరిదాకా నిండింది. పని అయిపోయిందనుకొని, విండోస్‌లో అలవాటైన చేతితో చటుక్కున పెన్ డ్రైవు లాగేశాను.

అక్కడే దెబ్బ తిన్నాను. లినక్స్ ఫైళ్ళను పెన్ డ్రైవుకు పంపేటప్పుడు ముందు వాటిని తన జ్ఞాపకంలో దాచుకొని, నిదానంగా డ్రైవులోకి రాస్తుంది. గీత నిండినా, వెనకాల రాత ఇంకా సాగుతూ ఉండవచ్చు. టీవీలో 35 పాటలు వినిపించాయి. తక్కిన ఆరూ పేర్లు మాత్రమే. తెరిచి చూస్తే సున్నా బైట్లు. కంప్యూటరులో చూద్దామంటే అక్కడ నుంచి పెకలించేశాను గదా! ఎస్‌ఎస్‌డీలో ఒకసారి తుడిచిన చోటు త్వరలోనే నిజంగా ఖాళీ అయిపోతుంది కాబట్టి, పోయినవాటిని వెలికి తీసే ప్రోగ్రాములు రెండు ప్రయత్నించినా ఫలితం లేకపోయింది.

నాయన ఏమీ అనలేదు. కాసేపటికి మాత్రం, “గొబ్బి పాటలే పోయినాయా?” అని అడిగాడు. మూడు గొబ్బి పాటలు, రెండు పెండ్లి పాటలు, ఒక జోలపాట. మర్నాడు నేను బయలుదేరుతుంటే, “ఈ కొత్త వ్యవహారం నాకొద్దప్పా. నాకు తెలిసేటట్ల ఉండేది ఏదన్నా ఉంటే పెట్టు, లేకుంటే కాగితాలన్నీ అచ్చేసి ఆ ట్రంకు పెట్టెలో పెట్టిపో” అన్నాడు.

పుణెకు వచ్చే దారిలో రైల్లో ఆలోచించాను. పొరపాటు నాది, లినక్స్‌ది కాదు. అయినా నాయన అన్న మాటలో న్యాయం ఉంది. నేను నాకు నచ్చిన ప్రోగ్రాము పెట్టాను గాని, ఆయన ఎట్లా వాడతాడని ఒక్కసారీ ఆలోచించలేదు.

ఫైల్ మేనేజరు అంటే

కంప్యూటరులో మనం ఎక్కువసేపు చూసేది ఫైళ్ళ జాబితానే. వాటిని చూపించేది, తెరిచేది, పేరు మార్చేది, ఒకచోటి నుంచి ఒకచోటికి చేర్చేది, వెదికేది, చెత్తబుట్టలో వేసేది అన్నీ ఒకే ప్రోగ్రాము. దానినే ఫైల్ మేనేజరు అంటారు. పాతకాలపు ఆఫీసులో రికార్డు గది చూసుకునే గుమాస్తా వంటివాడన్నమాట. విండోస్‌లో ఆ గుమాస్తా యంత్రంతోపాటే వస్తాడు కాబట్టి మనం అతన్ని ఎంచుకోము. లినక్స్‌లో పదిమంది గుమాస్తాలు వాకిట్లో నిలబడి ఉంటారు. ఎవరిని పెట్టుకోవాలో మనమే తేల్చుకోవాలి.

ఈ గుమాస్తాల వంశవృక్షం ఆసక్తిగా ఉంటుంది. 1986లో డాస్ కాలంలో నార్టన్ కమాండర్ అనే ప్రోగ్రాము తెరను రెండు భాగాలు చేసి, ఎడమ నుంచి కుడికి ఫైళ్ళు పంపే పద్ధతి ప్రచారంలోకి తెచ్చింది. మెక్సికోకు చెందిన మిగెల్ ద ఇకాజా 1994లో దాని పోలికతో మిడ్‌నైట్ కమాండర్ రాశాడు. అక్షరాలే తప్ప బొమ్మలు లేని ఆ ప్రోగ్రామును ఇప్పటికీ ఇష్టపడి వాడేవారున్నారు.

తరువాత బొమ్మల కాలం వచ్చింది. ఆపిల్ మాకింటాష్‌ను తయారు చేసినవారిలో ఒకడైన ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ మొదలైనవారు ఈజెల్ అనే కంపెనీ పెట్టి, గ్నోమ్ అనే తెర కోసం నాటిలస్‌ను తయారు చేశారు. 2001 మార్చిలో ప్రోగ్రాము వచ్చింది, మే నెలలో కంపెనీ మూతపడింది. కంపెనీ పోయినా ప్రోగ్రాము పోలేదు. అది అందరిదీ కాబట్టి వేరేవారు పెంచి పెద్ద చేశారు. ఉచిత సాఫ్ట్‌వేరులోని గొప్పతనం ఇదే.

ఐతే ఉమ్మడి కుటుంబమన్నాక తగాదాలు రాకమానవు. గ్నోమ్‌వారు తమ తెరను పూర్తిగా మార్చినప్పుడు పాత పద్ధతి ఇష్టపడినవారు 2011లో వేరు పడ్డారు. వారి తెర పేరు మాటే, అందులోని ఫైల్ మేనేజరు పేరు కాహా. 2012లో నాటిలస్ నుంచి రెండు భాగాల తెర వంటి కొన్ని సౌకర్యాలను తీసేసినప్పుడు లినక్స్ మింట్‌వారు కూడా వేరు కాపురం పెట్టి, నీమో అని పేరు పెట్టుకున్నారు. అంటే కాహా, నీమో రెండూ నాటిలస్ ఇంటి బిడ్డలే. ఇక కేడీఈ అనే వేరొక కుటుంబంలో 2008 నుంచి డాల్ఫిన్ పెద్ద దిక్కు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక తెరలో థునార్ ఉంది. ఇంకా తేలికగా, ఒకటి రెండు జీబీల జ్ఞాపకం మాత్రమే ఉన్న యంత్రాలకు తైవాన్‌లో పుట్టిన పీసీమ్యాన్ఎఫ్ఎమ్ ఉంది.

నాయన పెట్టిన పరీక్ష

సంక్రాంతికి పది రోజులు సెలవు పెట్టి మళ్ళీ ఊరికి వెళ్ళాను. మా కంప్యూటరులో 4 జీబీల జ్ఞాపకం ఉంది కాబట్టి నీమో, కాహా, థునార్, డాల్ఫిన్, నాటిలస్ ఐదింటినీ ఒకే యంత్రంలో వేశాను. లినక్స్‌లో అది సాధ్యమే, ఒకటి మరొకదాన్ని తరిమివేయదు. నాయన ముందు కుర్చీ వేసి, “నువ్వే వాడి చూడు నాయనా, నేను పక్కన ఉంటాను. మీటలు ముట్టను” అన్నాను. అసలు ఫైళ్ళు ముట్టకుండా నకళ్ళతోనే ఈ తతంగమంతా నడిపాం.

ఆయన జీవితమంతా పరీక్షలు పెట్టినవాడే గదా! ఒక నోటుబుక్కు తెచ్చి ఐదు ప్రశ్నలు రాసుకున్నాడు.

మొదటి ప్రశ్న: పహణి కాగితాన్ని తెరవకుండానే గుర్తుపట్టడం. ఇంటర్నెట్టు నుంచి దించుకున్న కాగితాలన్నిటికీ డౌన్‌లోడ్ ఒకటి, డౌన్‌లోడ్ రెండు అని పేర్లుంటాయి. చిన్న బొమ్మగా మొదటి పుట కనిపిస్తే తప్ప తేడా తెలియదు. నాటిలస్, నీమో, కాహా, డాల్ఫిన్ నాలుగూ మా యంత్రంలో వెంటనే చూపించాయి. థునార్‌కు చిన్న బొమ్మలు చూపే సహాయక ప్రోగ్రాము వేరుగా వేయవలసి వచ్చింది.

రెండవ ప్రశ్న: ఒక ఫొటోను పొరపాటున తీసేస్తే తిరిగి తేవడం. అన్నిటిలోనూ ముందు చెత్తబుట్టలోకే పోతుంది. కంట్రోల్ మీటతో జెడ్ నొక్కితే చేసిన పని వెనక్కు తిరుగుతుంది. థునార్‌లో ఈ సౌకర్యం 2022 డిసెంబరులో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18తో గాని రాలేదు. కాబట్టి పాత థునార్ వాడేవారు జాగ్రత్త పడాలి. షిఫ్ట్ మీటతో డిలీట్ నొక్కితే మాత్రం ఏ ప్రోగ్రాములోనైనా చెత్తబుట్ట మెట్టు ఎక్కకుండా నేరుగా పోతుంది. అది తెలిసిన తరువాత నాయన షిఫ్ట్ మీట వైపు అనుమానంగానే చూస్తున్నాడు.

మూడవ ప్రశ్న: పెన్ డ్రైవుకు నకలు తీయడం. దీనికి ఎఫ్3 మీట నొక్కితే కిటికీ రెండుగా చీలుతుంది. ఎడమన ఇల్లు, కుడిన పెన్ డ్రైవు. ఏది ఎక్కడ ఉందో కంటికి కనబడుతుంది. నీమో, కాహా, డాల్ఫిన్‌లలో ఇది ఉంది, నాటిలస్‌లో లేదు. నాయనకు ఇది బాగా నచ్చింది. “ఇప్పుడు తెలుస్తుంది. ఈ పక్క ఉండేది ఆ పక్కకు పోయినా, ఈ పక్క అట్లే ఉండాల” అన్నాడు. నేను దీపావళినాడు మరచిపోయిన సూత్రం అదే.

నాలుగవ ప్రశ్న కొంచెం చిక్కుది. ఆయన పెన్ డ్రైవులో ఏ ఫైలూ కనబడదు. కాని నిండిపోయిందని అంటుంది. ఎందుకు? లినక్స్‌లో పెన్ డ్రైవు మీది ఫైలును తీసేస్తే, ఆ డ్రైవులోనే చుక్కతో మొదలయ్యే పేరు గల ఒక చెత్తబుట్ట ఏర్పడి అందులోకి పోతుంది. చుక్కతో మొదలయ్యే పేర్లను లినక్స్ దాచిపెడుతుంది. కంట్రోల్ మీటతో హెచ్ నొక్కితే కనబడతాయి. డ్రైవు గుచ్చి ఉండగానే చెత్తబుట్టను ఖాళీ చేస్తే చోటు తిరిగి వస్తుంది. కొత్త పెన్ డ్రైవులు కొనే ముందు పాతవాటిని ఇట్లా ఒకసారి చూడండి.

ఐదవ ప్రశ్న: మెనూ ఎక్కడుంది? నాటిలస్ చూడడానికి అందంగా ఉంది గాని, పైన మెనూ వరుస లేదు. మూడు గీతల బొమ్మ వెనకాల అన్నీ దాక్కున్నాయి. “దాచి పెట్టి వెతకమంటే ఎట్ల?” అని నాయన దాన్ని ఫెయిలు చేశాడు. డాల్ఫిన్‌లో నాకు నచ్చినన్ని సౌకర్యాలు మరెందులోనూ లేవు. పుణెలో నేను వాడేది అదే. కాని అన్ని బొత్తాములు చూసేసరికి నాయనకు కళ్ళు తిరిగాయి. చివరికి నీమో, కాహా రెండూ మిగిలాయి. రెండింటిలో కాహా కాస్త తేలిక. మా పాత యంత్రంలో చప్పున తెరుచుకుంది.

“కాహా అంటే ఏం రా?” అన్నాడు.

“స్పానిష్ భాషలో పెట్టె అని అర్థం నాయనా.”

“అట్లైతే ఇదే ఉండనీ. నేను మొదట్నుంచీ పెట్టె కావాలనే గదా అడుగుతా ఉండేది!”

అట్లా ఎంపిక పూర్తయింది. మింట్‌లోనే మాటే తెరతో వచ్చే రకం ఉంది కాబట్టి, దాన్నే వేసి తక్కినవాటిని తీసేశాను.

ఒకే మాట, రెండు లిపులు

ఇంతటితో పని ముగిసిందనుకున్నాను. కాని అసలు చిక్కు అప్పుడే మొదలయింది. ప్రోగ్రాము నాయనకు నచ్చింది, పేర్లు నచ్చలేదు.

పుణెలో మన సంఘంవారి ఆదివారం తరగతుల్లో మా పిల్లలతోపాటు కూర్చొని నేను కూడా తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. నలభై ఏళ్ళు దాటాక ఓనమాలు దిద్దిన ఉత్సాహంతో దీపావళికి అన్ని ఫోల్డర్లకూ తెలుగులో పేర్లు పెట్టాను. నాయన తెలుగు మాట్లాడతాడు, తెలుగులో కథలు చెబుతాడు, కాని చదివేది కన్నడం. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు కాబట్టి కూడబలుక్కుంటూ చదవగలడు. తలకట్టు దగ్గర తడబడతాడు. “నా ఇంట్లో పెట్టెకు నాకు రాని అక్షరాల్లో పేరు రాసిపోయినావు” అన్నాడు నవ్వుతూనే. నాకు మాత్రం సిగ్గనిపించింది. మెనూలను తెలుగులోకి, కన్నడంలోకి మార్చి కూడా చూశాం. హైదరాబాదులోని స్వేచ్ఛ వంటి సంస్థలవారూ, ఇంకా అనేకమంది స్వచ్ఛందంగా అనువాదాలు చేశారు. మేము చూసిన తెరల్లో కొన్ని మాటలు అనువాదమై, కొన్ని ఇంగ్లీషులోనే మిగిలి ఉండటంతో మెనూలను ఇంగ్లీషులోనే ఉంచేశాం. పేర్ల సంగతి వేరు. అవి మనం పెట్టుకునేవి.

కంప్యూటరు ఈ రెండు లిపులను ఎట్లా చూస్తుందో చెబుతాను. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. తెలుగు ‘ప’ సంఖ్య 3114. కన్నడ ‘ప’ సంఖ్య 3242. తేడా 128. తెలుగు ‘ట’కూ కన్నడ ‘ట’కూ తేడా అదే 128. మన దేశపు ఇస్కీ ప్రమాణం వరుసను అనుసరించి పెట్టారు కాబట్టి రెండు లిపుల అక్షరాలూ ఒకే క్రమంలో ఉంటాయి. యూనికోడ్ వీధిలో తెలుగు ఇల్లు, కన్నడ ఇల్లు గోడకు గోడ ఆనుకొని ఉన్నాయి. మా పావగడలో ఉన్నట్టే. కాని ఫైల్ మేనేజరుకు ఆ చుట్టరికం తెలియదు. తెలుగు లిపిలో ‘పాట’ అని వెదికితే కన్నడ లిపిలో రాసిన పాట దొరకదు. రెండూ నోటికి ఒకే మాట, యంత్రానికి వేర్వేరు సంఖ్యలు.

పేరు పొడవు సంగతి మరొకటి. లినక్స్‌లో మామూలుగా వాడే డిస్కు అమరికలో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించరాదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుకైనా కన్నడానికైనా ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు. గుణింతమూ ఒక సంకేతమే, ఒత్తుకు ముందు వచ్చే పొల్లూ ఒక సంకేతమే. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలే గాని లోపల ఏడు సంకేతాలు, 21 బైట్లు. అంటే తెలుగు పేరుకు 85 సంకేతాలకు మించి చోటు లేదు. విండోస్‌లో ఇంతకంటే చాలా పొడవైన తెలుగు పేర్లు చెల్లుతాయి కాబట్టి, అక్కడ నుంచి తెచ్చిన ఫైలును లినక్స్ ‘పేరు మరీ పొడవు’ అని తిప్పి పంపే అవకాశం ఉంది. పాట మొదటి చరణమంతా పేరుగా పెట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ప్రతి పేరుకూ ముందు అంకె, తరువాత తెలుగులో ఒకటి రెండు మాటలు, గీత గీసి అదే మాటలు కన్నడంలో. మింట్‌లో ఒకేసారి అనేక పేర్లు మార్చే బల్కీ అనే చిన్న ప్రోగ్రాము ఉంది. అంకెలు పెట్టే పని అది చేసింది, మాటలు మాత్రం నాయన, నేను పక్కపక్కన కూర్చొని రాశాం. ఆయన కన్నడ భాగం, నేను తెలుగు భాగం. మూడు సాయంత్రాలు పట్టింది. చిన్నప్పుడు పలక మీద ఆయన నా చేత దిద్దించిన తరువాత, మేమిద్దరం అట్లా కూర్చొని రాయడం అదే.

అక్క తెచ్చిన చిప్పు

కనుమ నాడు హిందూపురం నుంచి అక్క వచ్చింది. పోయిన పాటల సంగతి విని, “నా పాత ఫోన్లో కొన్ని ఎక్కించుకున్నట్టు గుర్తురా. ఫోను పోయింది గాని చిప్పు ఉంది” అని బీరువాలో దాచిన చిన్న మెమరీ కార్డు మర్నాడే పంపించింది.

కార్డు గుచ్చి, కాహాలో తెలుగులో ‘గొబ్బి’ అని వెదికాను. ఏమీ లేదు. ‘పెండ్లి’ అన్నాను. ఏమీ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వెదికాను. వేలకొద్దీ ఫొటోలు మాత్రం వచ్చాయి. “లేవు నాయనా” అని కార్డు తీయబోయాను.

“ఉండు, ఉండు” అని నాయన కళ్ళద్దాలు సర్దుకొని, మౌసు తన చేతిలోకి తీసుకున్నాడు. వెదుకుడు పెట్టెను మూసి, జాబితాను మెల్లగా కిందికి దించుతూ పోయాడు. ఫొటోలన్నీ అయిపోయిన తరువాత, జాబితా అడుగున, కన్నడ అక్షరాల్లో నాలుగు వరుసలు ఉన్నాయి.

“ఇదేం రా మరి? గొబ్బి అనే కదా రాసి ఉండేది!”

అక్క కూడా మా బళ్ళోనే చదివింది. తెలుగు పాటకు కన్నడ లిపిలోనే గదా పేరు రాస్తుంది! పది రోజులుగా నాయనకు పాఠం చెబుతున్న నాకే ఆ సంగతి తట్టలేదు.

ఆ నాలుగింటిలో ఒకటి మా దగ్గర ఉన్నదే. తక్కిన మూడూ పోయినవి. రెండు గొబ్బి పాటలు, ఒక జోలపాట. ఈసారి నేను మీటలు ముట్టలేదు. నాయనే ఎఫ్3 నొక్కి, తెరను రెండు చేసి, కాపీ అని మెనూలో చదివి నొక్కి, ఆ పక్కకు చేర్చాడు. తరువాత కార్డును తీయమని చెప్పి, ‘ఇక తీయవచ్చు’ అని తెర మీద కనబడేదాకా చేతులు కట్టుకొని కూర్చున్నాడు. అప్పుడు పాట పెట్టాం. మధ్యలో అమ్మ దగ్గు, దూరంగా ఎవరిదో ఎద్దుబండి గంటల చప్పుడు, మళ్ళీ పాట. ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

41లో ఇప్పుడు 38 ఉన్నాయి. ఒక గొబ్బి పాట, రెండు పెండ్లి పాటలు దొరకలేదు. బంధువుల ఇళ్ళలో ఇంకా అడుగుతున్నాం.

మీకు పనికివచ్చే నాలుగు మాటలు

దూరాన ఉండి, ఊళ్ళో పెద్దవారి కంప్యూటర్లు చక్కబెట్టే మనవంటి వారికోసం మా అనుభవం నుంచి కొన్ని సూచనలు:

1. ఫైల్ మేనేజరును వాడబోయేవారి చేతనే ఎంపిక చేయించండి. పాత యంత్రం, పెద్దవారు ఐతే కాహా లేదా నీమో; మరీ పాత యంత్రానికి థునార్ లేదా పీసీమ్యాన్ఎఫ్ఎమ్; అన్ని హంగులూ కావాలంటే డాల్ఫిన్. ఏదీ చెడ్డది కాదు. ఎవరి చేతికి ఏది అనువో అదే మంచిది.

2. విలువైన ఫైళ్ళను కట్ చేయకండి. ముందు కాపీ చేసి, రెండవచోట తెరిచి చూసుకొని, అప్పుడు కావాలంటే మొదటిది తీయండి. పెన్ డ్రైవును తీయమని చెప్పి, అనుమతి వచ్చాకే లాగండి.

3. పేర్లు చిన్నవిగా పెట్టండి. తేదీ రాయాలంటే ముందు సంవత్సరం, తరువాత నెల, తరువాత రోజు రాస్తే జాబితాలో వరుసగా వస్తాయి. ఇంట్లో రెండు లిపులు చదివేవారుంటే రెండింటిలోనూ రాయండి.

4. ఒకే నకలును నమ్ముకోవద్దు. అమ్మ పాటలు ఇప్పుడు పావగడలో ఒకటి, హిందూపురంలో ఒకటి, పుణెలో ఒకటి ఉన్నాయి.

తమిళనాడులోనో, మహారాష్ట్రలోనో, ఒడిశాలోనో, ఇంకా దూరదేశాల్లోనో ఉన్న మన తెలుగు ఇళ్ళలో ఇటువంటి పాటలు, ఉత్తరాలు, ఫొటోలు ఎన్ని ఉన్నాయో! వాటికి మీ అమ్మగారు ఏ లిపిలో పేర్లు పెట్టుకున్నారో, ఈ సెలవుల్లో ఒకసారి ఆమె పక్కన కూర్చొని చూడండి.

మొన్న ఫోన్ చేసినప్పుడు నాయన, “పెట్టె బాగుందిరా, దానికేం. ఆ గొబ్బి పాట ఒకటి ఎవరి దగ్గరన్నా ఉందేమో, మీ సంఘమోళ్ళను కూడా అడిగి చూడు” అన్నాడు. అందుకని అడుగుతున్నాను. పావగడ, మడకశిర, హిందూపురం ప్రాంతాల గొబ్బి పాటలు మీ ఇళ్ళలో ఎవరైనా పట్టి ఉంచినట్లయితే, పేరు ఏ లిపిలో ఉన్నా సరే, దయచేసి సంఘం కార్యాలయానికి తెలియజేయండి.